స్టెంటు తరువాత ఇంటి పని

ఈమధ్య పెద్దపంజాణిలో ఒక పెద్దాయనను పరామర్శించి వచ్చాం. గుండెనాళంలో స్టెంటు వేయించుకుని నెల కాలేదు. "ఇక భయం లేదు హజ్రత్, రిపేరు అయిపోయింది" అంటూ మా ముందే బీడీ వెలిగించారు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకూ గుండె ఆపరేషన్లు అందాయి. అది చిన్న మేలు కాదు. గుండెపోటు వచ్చిన గంటల్లో నాళం తెరిస్తే ప్రాణం దక్కుతుంది. అయితే స్టెంటు తెరిచేది ఒక్క చోటునే. కొవ్వు పేరుకునే జబ్బు మిగతా నాళాల్లో అలాగే ఉంటుంది. జబ్బు నిలకడగా ఉన్న 2,287 మందిని అమెరికా, కెనడాల్లో కొన్నేళ్ళు గమనించారు. మందులకు, జీవన నియమాలకు తోడు స్టెంటు కూడా వేసినంత మాత్రాన వారిలో మరణాలు తగ్గలేదని 2007లో తేలింది.

అంటే మిగతా వైద్యం ఇంట్లోనే జరగాలి. కేరళలో పుట్టిన డాక్టర్ సలీం యూసుఫ్ ఆధ్వర్యంలో 52 దేశాల్లో జరిగిన పరిశోధన 2004లో ఒక లెక్క చెప్పింది. తొలి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం తొమ్మిది కారణాల వల్లనేనట. పొగ, షుగరు, బీపీ, కొలెస్టరాల్, పొట్ట చుట్టూ కొవ్వు, కదలకపోవడం, మనోవ్యథ వాటిలో ఉన్నాయి.

బీడీ సంగతి ముందు. రోజుకు నాలుగే కదా అనే లెక్క గుండెకు పట్టదు.

వంటింటికి వస్తే, ఏడాదికి రెండు పండుగల బిర్యానీని మేము తప్పుపట్టం. చూడవలసింది రోజూ వాడే డాల్డాను, పామాయిలును, ముద్ద ముద్దకూ నంజుకునే ఊరగాయను. ఉప్పు రోజంతటికీ ఒక చిన్న చెమ్చాకు మించరాదు. మన రాగిసంగటి, ఉలవలు, ఆకుకూర ఏం తక్కువ? చుట్టాల ముందు సంగటి పెట్టడం నామోషీ అనుకున్నది మనమే.

నడక డాక్టరు సరేనన్నాక మెల్లగా మొదలుపెట్టి వారానికి 150 నిమిషాలకు చేర్చాలి. ఛాతీ బరువెక్కితే వెంటనే ఆగి ఆసుపత్రికి పోవాలి. మగవాళ్ళు ఫజర్ తరువాత ఊరి చివరిదాకా నడిచి వస్తారు. ఆడవాళ్ళకు ఆ వీలు ఎవరు చూస్తున్నారు? ఈ జబ్బు వారికీ వస్తుంది. నలుగురు తోడుగా కలిసి నడిస్తే తప్పేముంది?

ఇవన్నీ చేస్తున్నాం గదా అని మాత్రలు ఆపకూడదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో, మందు పుట్టకముందు, క్షయ రోగులకు విశ్రాంతి, గాలి, మంచి తిండే వైద్యం. మందు వచ్చాకే ఆ జబ్బు లొంగింది.

పెద్దాయనకు ఆ రోజు బీడీకట్ట తెచ్చిచ్చింది మనవడే. మేము బయలుదేరుతుంటే కోడలు వాకిట్లో మెల్లగా అంది: "మామ మా మాట వినరు హజ్రత్, మీరే చెప్పండి." జుమా తరువాత మళ్ళీ వెళుతున్నాం.