పచ్చని గోడల వెనుక చీకటి గదులు

మేడకు మొక్కలు కప్పితే చాలు, అది ఆరోగ్యనిలయమని ప్రకటనలు ఊదరగొడుతున్నాయి. ఇది సగం నిజం మాత్రమే. ఆకులు ఎండను ఆపుతాయి, పరిసరాలను చల్లబరుస్తాయి, కొంత దుమ్మును పట్టి ఉంచుతాయి. ఇంతవరకు ఎవరూ కాదనరు. మిలాన్ నగరంలో 2014లో పూర్తయిన ‘బోస్కో వెర్టికాలే’ జంట భవనాలపై సుమారు 800 చెట్లున్నాయి. వాటి ఛాయాచిత్రాలను చూసి లోకం ముచ్చటపడింది. అయితే మనం మెచ్చుకొనేది బయటి అందాన్ని. ఇటువంటి ఇళ్ళలో నివసించేవారి కంటికి ఎంత వెలుగు అందుతుందని అడిగేవారేరీ?

కన్ను కేవలం చూపు కోసమే కాదు. రెటీనాలో మెలనాప్సిన్ గల కణాలు వెలుగును గ్రహించి, పగలేదో రాత్రేదో మెదడులోని జీవగడియారానికి తెలుపుతాయి. పగలు కంటివద్ద కనీసం 250 మెలనోపిక్ లక్స్ వెలుగు ఉండాలనీ, నిద్రకు ముందు మూడు గంటలు అది 10కి మించరాదనీ 2022లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు. దట్టమైన ఆకుల చాటు గదిలో జరిగేది దీనికి తలకిందులు. పగలంతా మసక, రాత్రి 6500 కెల్విన్ తెల్లని ఎల్‌ఈడీల వెల్లువ! వయసుతోపాటు కంటి కటకం పసుపుబారుతుంది గనుక, ఈ మసక వృద్ధులను మరింత బాధిస్తుంది. నిద్ర చెడుతుంది, అడుగు తడబడుతుంది.

దీపాలు పెంచితే సరిపోదా అంటారు. మబ్బు పట్టిన రోజున సైతం ఆరుబయట వేల లక్సుల వెలుగుంటుంది. సాధారణంగా ఇంటి దీపాలిచ్చేది కొన్ని వందలే. ఆ లోటును కరెంటుతో పూడ్చవలసివస్తే అది పర్యావరణహిత భవనమెలా అవుతుంది? ఇక రాత్రంతా చెట్లపై ఫోకస్ లైట్లు వేయడం మరో అపచారం. చెట్టుకూ రాత్రి కావాలి. ఆ వెలుగు పురుగులను రప్పిస్తుంది, పడకగదిలోకీ చొరబడుతుంది.

మన మండువా లోగిళ్ళు నీడనూ వెలుగునూ కలిపే ఇచ్చాయి. నేటి నిర్మాతలకు అది అసాధ్యమా?

కాబట్టి ఫ్లాటు కొనేముందు దీపాలన్నీ ఆర్పించి, కిటికీకి దూరంగా కూర్చుని పట్టపగలు పత్రిక చదివి చూడండి. మొక్కలు ఎంత ఎత్తు పెరుగుతాయో, కొమ్మలను ఎవరు కత్తిరిస్తారో వ్రాతపూర్వకంగా అడగండి. సాయంత్రం వేళకు 2700 కెల్విన్ పసుపు దీపాలను తక్కువ వెలుగుతో అమర్చుకోండి. తోటదీపాలను పడుకొనే వేళకు ఆర్పించండి. చెట్టును వద్దనకండి. చెట్టు పేరు చెప్పి మీకు చీకటిని అమ్మజూపేవారిని మాత్రం నిలదీయండి.