మనిషి లేని ఆబాదీ

ఇరాన్ జనగణనలో పల్లెను ‘ఆబాదీ’ అంటారు. హైదరాబాదు, నిజామాబాదు అని మనం రోజూ పలికే పేర్ల చివర ఉన్నది ఆ మాటే. సేద్యం సాగి, మనుషులు నిలిచిన చోటని దాని అర్థం. అదే పట్టికల్లో ‘నివాసులు లేని ఆబాదీ’ అనే వర్గం కూడా ఉంది. ఆ పొసగని పేరు కింద వేల పల్లెలున్నాయి. నగరం పిలిస్తే జనం పోతారని, చిన్న ఊళ్లకు కాలం చెల్లిందని చెప్పి ఈ లెక్కను దాటేయడం తేలిక. యజ్ద్, కెర్మాన్, ఖొరాసాన్ ఎడారి అంచుల్లో మాత్రం చాలా పల్లెలకు కాలం చెల్లడం కాదు, నీటి కట్టుబాటు తెగడమే ప్రాణం తీసిందని నేను నమ్ముతున్నాను.

ఆ కట్టుబాటుకు ఆధారం కనాత్. కొండ పాదాన తల్లిబావి తవ్వి, అక్కడి ఊటను స్వల్పమైన వాలు మీద సొరంగంలో ఊరి దాకా నడిపిస్తారు. గొనాబాద్‌లోని ఖసబె కనాత్ పొడవు సుమారు 33 కిలోమీటర్లు. ఊటకు మించి ఒక్క చుక్క కూడా తోడలేకపోవడమే ఈ ఏర్పాటులోని గొప్ప. బయటికొచ్చిన నీటిని మీరాబు పంచుతాడు. మన చెరువుల కింద నీరటికాడు చేసిన పని అదే. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్లలో తేలనిస్తే, అది మునిగేంతసేపు ఒక వంతుగా లెక్కించేవారు. ఎవరికి ఎన్ని గిన్నెలో ఊరంతటికీ తెలిసేది.

1962లో మొదలైన భూసంస్కరణలు న్యాయమైనవే. అయితే కనాత్ పూడిక తీయించే ఖర్చు అంతవరకు ఎక్కువగా భూస్వాములదే. వాళ్లు పోయాక ఆ బాధ్యత చాలాచోట్ల ఎవరి నెత్తినా పడలేదు. అదే కాలంలో లోతు బావులు, మోటార్లు వచ్చాయి. భూగర్భ జలం సొరంగం మట్టం కంటే కిందికి దిగితే కనాత్ ఎండిపోతుంది. డబ్బున్నవాడు మరింత లోతుకు వెళ్లాడు. పది గడపల ఊరు వెళ్లలేకపోయింది.

చదువు కోసం, వైద్యం కోసం కూడా జనం వెళ్లారు కదా అనవచ్చు. నిజమే. కానీ నీరుంటే కొందరు వెళ్లినా మిగిలినవాళ్లు బతుకుతారు. నీరు పోతే ముసలివాళ్లకు కూడా నిలువ నీడ ఉండదు. చలికాలంలో కనాత్ నీరు వృథా అవుతుందన్నది మరో మాట. దానికి వజ్వాన్ అనే ఊరి పూర్వులే జవాబు చెప్పారు: సొరంగంలోనే ఆనకట్ట కట్టి చలికాలపు నీటిని సేద్యపు రోజులకు దాచారు. జనాభా ఎనిమిది కోట్లు దాటిన దేశాన్ని కనాత్‌లు మాత్రమే పోషించలేవన్న అభ్యంతరానికి బలముంది. అయితే విచ్చలవిడిగా తోడినందుకు వరామీన్, రఫ్సంజాన్ మైదానాల్లో నేలే కుంగుతోంది. అలా కుంగి బిగుసుకుపోయిన పొరలు మునుపటంత నీటిని మళ్లీ పట్టలేవు. రేపటి తిండిని ఇవాళే తినడాన్ని పోషణ అనలేం.

2016లో యునెస్కో 11 పారశీక కనాత్‌లను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. సంతోషమే, కానీ బతుకుతున్న ఊరికి ఫలకం చాలదు. కనాత్ చుట్టూ కొత్త బావి తవ్వకూడదనే ‘హరీం’ నియమం పాతదే. దాన్ని కచ్చితంగా అమలు చేయాలి. ఏటేటా పూడిక తీసే ఖర్చు ప్రభుత్వం పంచుకోవాలి. సొరంగంలో దిగే పనివాడి ప్రాణానికి ఈనాటి రక్షణ కల్పించాలి. ఆ గిన్నె లెక్క నిలిచిన ఊళ్లోనే ఆబాదీ అన్న మాట నిజమవుతుంది.