ఆరేళ్ళు నిండకుండానే బ్యాక్‌లాగ్ ఏంటండీ?

ముందే చెప్పేస్తున్నా, ఇంట్లో పిల్లలకి చదువు చెప్పుకోవడం మీద నాకే గొడవా లేదు. అక్కడ మనం పట్టుకుంటున్న స్పీడు మీదే గొడవంతా.

2020 లాక్‌డౌన్లో మనవాళ్ళు చాలామంది ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని సొంతూళ్ళకి చేరారు. జనగామ, మానుకోట (అదే, మహబూబాబాద్), భూపాలపల్లి... ఎవరి ఊరు వాళ్ళది. బడులు మూతపడ్డాయి, పిల్లలకి మనమే టీచర్లమయ్యాం. తెరిచాక చాలామంది మళ్ళీ పంపేశారు. కొద్దిమంది మాత్రం "ఇంత చిన్న వయసులో ఆ రుబ్బుడెందుకు" అని ఇంట్లోనే ఉంచుకున్నారు. శభాష్ అనుకున్నా. తీరా ఇంటికెళ్ళి చూస్తే గోడ మీద టైంటేబుల్! ఎనిమిదింటికి ఫోనిక్స్, తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి వర్క్‌బుక్కు. ఐదేళ్ళ పిల్లకి! రెండ్రోజులు జ్వరం వస్తే "సిలబస్ వెనకబడిపోయింది" అని తల్లిదండ్రులకి నిద్ర పట్టదు. అయ్యా, ఆ సిలబస్ పెట్టిందెవరు? మీరే కదా! డెడ్‌లైన్ మార్చడానికి క్లయింటు పర్మిషన్ కూడా అక్కర్లేదే!

బడికి పంపేవాళ్ళ వరస ఇంకోరకం. మానుకోట నుంచి మా అక్క ఫోన్: "తమ్మీ, ఎదురింటి పిల్ల అప్పుడే కర్సివ్ రాస్తాంది. మనదేమో ఇంకా గుణింతాల కాడనే ఉన్నది." గుణింతాల కాడ ఉండటమంటే ఏమిటో ఒక్కసారి లెక్కేద్దాం. హల్లులు 35 పైమాటే. ఒక్కోదానికి తక్కువలో తక్కువ 12 రూపాలు. నాలుగొందలు దాటిపోయాయా? ఒత్తులింకా మొదలే కాలేదు. పక్కనే పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు, ఆపైన కలిపిరాత. ఐదేళ్ళకి మణికట్టులోని చిన్న ఎముకలు పూర్తిగా గట్టిపడవు కూడా. ఆ చేత్తో రోజుకి నాలుగు పేజీలు నింపించి, చేతిరాత బాగోలేదని మళ్ళీ మనమే తిడతాం.

"సర్కారుకేం తెలుసు" అనేవాళ్ళకి ఓ రెండు సంగతులు. 2020 జూలైలో కేంద్రం 'ప్రజ్ఞాత' పేరుతో ఆన్‌లైన్ చదువుల మార్గదర్శకాలిచ్చింది. బడి వయసు రాని పిల్లలకి రోజు మొత్తమ్మీద అరగంట మించొద్దని అందులో ఉంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక అయితే మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పాఠ్యపుస్తకమే వద్దంది. ఆటలు, పాటలు, కథలు చాలట. మనం మాత్రం ఎల్‌కేజీ పిల్లకి ఏడు పుస్తకాలు కొని, వాటికి అట్టలేసి మురిసిపోతాం.

ఇక్కడ మీరడగబోయేది నాకు తెలుసు. "ఐదో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లలు బోలెడుమంది ఉన్నారు కదా, ఇంకా మెల్లగా అంటావేంటి?" మంచి ప్రశ్నే. కానీ వాళ్ళు వెనకబడింది పాఠం మెల్లగా నడిచినందుకు కాదు. పిల్లాడు 'క' దగ్గరుండగానే పాఠం 'క్ష' దాటి పోయినందుకు. బడుల మూత ఆ గండిని ఇంకా పెంచింది. చివరికేమైంది? 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం 'తొలిమెట్టు' పెట్టి, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకి చదవడం, రాయడం, చిన్న చిన్న లెక్కలు మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కించాల్సి వచ్చింది. టెస్టింగ్ ఎగ్గొట్టి రిలీజ్ చేస్తే తర్వాత ఎన్ని రాత్రుళ్ళు మేలుకోవాలో మనకొకరు చెప్పాలా?

అసలు నా కోపమంతా ఇక్కడుంది. ఈ పరుగు మన ఇళ్ళతో ఆగట్లేదు. మన ఊళ్ళలో బడుల ఫ్లెక్సీలు చూడండి, ఒకటో తరగతికే ఐఐటీ ఫౌండేషన్! అమ్మకానికి పెట్టింది ఎవరి జీవితాన్ని? మనదే. మన జీతం, మన అమెరికా ఫోటో. అది చూసి భూపాలపల్లిలో సింగరేణి నైట్ షిఫ్టు దిగొచ్చిన తండ్రి ఓవర్‌టైమ్ డబ్బుని యూకేజీ ట్యూషన్‌కి కడుతున్నాడు. జనగామలో పత్తి అమ్మిన డబ్బు కూడా అటే పోతోంది. మనం చేసే పిచ్చి పనికి మన దగ్గర డబ్బుంది, సరే. వాళ్ళ దగ్గర లేదు. "ఐదేళ్ళప్పుడు నేనూ మట్టిలో ఆడుకున్నా, అయినా ఉద్యోగమొచ్చింది" అని ఊరెళ్ళినప్పుడు ఒక్కరమైనా వాళ్ళకి చెప్పామా?

మరేం చెయ్యాలంటారా? ఇంట్లో చెప్పేవాళ్ళు ఆ టైంటేబుల్ని సగానికి కొట్టెయ్యండి. ఒక లిపి కుదిరాకే రెండోది ఎత్తుకోండి. అడిగిన కథే మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పండి, పదోసారైనా సరే. చింతగింజలు లెక్కపెట్టించండి, అష్టాచెమ్మా ఆడండి, బతుకమ్మ నాడు తంగేడు, గునుగు విడివిడిగా ఏరించండి. వర్క్‌బుక్కులో ఉండే లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. అయినా రానిరోజు వదిలెయ్యండి, రేపొకటుంది. ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షకైనా 14 ఏళ్ళు నిండాల్సిందే. అంటే మీ ఐదేళ్ళ పిల్లకి ఇంకా తొమ్మిదేళ్ళ టైముంది. ఇంత బఫర్ ఉన్న ప్రాజెక్టు మీ కెరీర్‌లో ఒక్కటైనా చూశారా?

ఇన్ని ఇంటర్వ్యూలకెళ్ళాను. "యూకేజీలో నీకు కర్సివ్ వచ్చా?" అని అడిగినవాడు నాకైతే ఇంకా తగల్లేదు. మీకు తగిలితే చెప్పండి, అక్క దగ్గర నా మాట వెనక్కి తీసుకుంటా.