"సెడ్ టు కంటైన్": మన పళ్ళపొడి పొట్లం గురించి ఒక పాత గూడ్సు గుమాస్తా మాట



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో అందరూ చెయ్యెత్తితే నేనొక్కణ్ణే ఎత్తలేదు. ఎందుకని ఆ రాత్రే ముగ్గురు ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పడం కంటే అందరికీ ఒకేసారి రాసేస్తే మేలని ఇది రాస్తున్నాను. మీకు తెలిసిందే, నాకు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది రిటైరైన తర్వాతే. తప్పులుంటే దిద్దండి, కోపగించుకోకండి.

విషయం ఇది. వచ్చే నెల మన కల్యాణ మండపంలో ఉచిత దంత వైద్య శిబిరం పెడుతున్నాం. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక సంచి ఇవ్వాలని తీర్మానం. అందులో మన అక్క ఇంట్లో తయారు చేసే మూలికల పళ్ళపొడి ఒక పొట్లం, చిన్న సీసాలో లవంగ నూనె. పొట్లం మీద సంఘం పేరు, దాని కింద "అంతా నాచురల్, కెమికల్ లేదు" అని అచ్చు వేయించాలట. శిబిరం చాలా మంచి పని. సంచి మాత్రం ఇప్పుడే వద్దు అన్నది నా మాట.

అక్క ఎవరో మీకు చెప్పక్కర్లేదు. బావ పోయాక ఆ పొడి అమ్ముకునే ఇద్దరు పిల్లల్ని చదివించింది. మా ఇంట్లో కూడా ఇరవై ఏళ్ళు ఆ పొడే. అందుకే చెయ్యి ఎత్తకుండా కూర్చోవడం నాకు సులభంగా లేదు. మీటింగు అయ్యాక ఆమె నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది. అది నాకు ఇంకా గుచ్చుతూనే ఉంది.

నేను సర్వీసులో ఎక్కువ కాలం ఉన్నది గూడ్సు షెడ్డులో. బుకింగుకి వచ్చిన పెట్టెను మేం విప్పి చూసేవాళ్ళం కాదు. పంపేవాడు బెల్లం అంటే రసీదులో బెల్లం అనే రాసేవాళ్ళం. అయితే పక్కనే "సెడ్ టు కంటైన్" అని చేర్చేవాళ్ళం. లోపల ఇది ఉందని పంపేవాడు చెప్పాడు, రైల్వే చూడలేదు అని దాని అర్థం. ఆ మాట రాయడం మరిచిపోయి, రేపు పెట్టెలో రాళ్ళు బయటపడితే జవాబు చెప్పుకోవలసింది గుమాస్తానే. పొట్లం మీద "నాచురల్" అనే మాట చూసినా నాకు అదే గుర్తొస్తుంది. చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పారని నేననడం లేదు. విప్పి చూసినవాళ్ళు ఎవరూ లేరంటున్నాను. చూడకుండానే దాని మీద సంఘం ముద్ర వేస్తున్నాం.

నా సొంత కథ ఒకటి చెబుతాను. పదేళ్ళ కింద ఒక రాత్రి కింది దవడ పన్ను పీకేసినంత నొప్పి. ఆ వేళకు డాక్టరు ఎక్కడ దొరుకుతారు? లవంగ నూనెలో దూది ముంచి పన్నుకీ బుగ్గకీ మధ్య పెట్టుకుని పడుకున్నాను. నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది. పొద్దున అద్దంలో చూస్తే చిగురు తెల్లగా పాలిపోయి పొర ఊడి వస్తోంది. పన్ను నొప్పి ఒక్క రాత్రి, ఆ పుండు పది రోజులు. దంత వైద్యురాలు చూసి, "సార్, మీరు పెట్టింది మందే. పెట్టిన చోటు తప్పు, పెట్టిన సేపు తప్పు" అన్నారు. ఆ మాట పట్టుకుని అప్పటినుంచి దొరికింది చదువుతున్నాను.

లవంగ నూనెలో ఎక్కువ భాగం, నూటికి డెబ్భై నుంచి తొంభై పాళ్ళు, యూజెనాల్ అనే పదార్థం. దాన్ని జింక్ ఆక్సైడు పొడితో కలిపితే గట్టిపడే ముద్ద వస్తుంది. పన్నును తాత్కాలికంగా నింపడానికి దంత వైద్యులు వందేళ్ళకు పైగా వాడుతున్నది ఇదే. పంటి పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, అన్నిటికన్నా లోపల నరమూ రక్తమూ ఉండే గుజ్జు. మధ్యలో డెంటిన్ గోడ మిగిలి ఉంటే యూజెనాల్ దాన్ని దాటి కొంచెం కొంచెంగా లోపలికి ఊరుతుంది, నొప్పి తగ్గుతుంది. గోడ పోయి ముద్ద నేరుగా గుజ్జుకు తగిలితే అదే యూజెనాల్ అక్కడి కణాలను చంపుతుంది. అది పన్నులో మిగిలి ఉంటే పైన వేసే రెజిన్ ఫిల్లింగు కూడా సరిగా గట్టిపడదు. లవంగం ఒక్కటే. మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది ఎంత, ఎక్కడ, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మూడూ "నాచురల్" అన్న మాటలో లేవు.

సీసా గురించి గుమాస్తా లెక్క ఒకటి వేశాను. ఆహార పదార్థాల్లో కలిసే వాటిని చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ యూజెనాల్‌కు ఒక పరిమితి పెట్టింది. రోజూ జీవితాంతం తీసుకున్నా ఫరవాలేదనే మోతాదు, ఒంటి బరువు కిలోకి 2.5 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 25 మిల్లీగ్రాములు. ఒక చుక్క నూనె సుమారు 50 మిల్లీగ్రాములు, అందులో యూజెనాల్ 40 దాకా. అంటే ఒక్క చుక్కే ఆ లెక్క దాటుతుంది. ఒక రోజు ఒక చుక్కతో బిడ్డకు ఏదో అయిపోతుందని కాదు. కానీ సీసాలో ఉండేది ఒక చుక్క కాదు కదా. 1993లో బ్రిటన్ పిల్లల వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. రెండేళ్ళ పిల్లాడు 5 నుంచి 10 మిల్లీలీటర్ల లవంగ నూనె తాగేశాడు. స్పృహ తప్పింది, కాలేయం దెబ్బతింది. పెద్దాసుపత్రిలో కష్టపడి బతికించారు. మన సంచి పోయేది మనవళ్ళూ మనవరాళ్ళూ పాకే ఇళ్ళకే.

ఇక పరీక్ష అంటే ఏమిటి? నోటిలో వాడే వైద్య పదార్థాలు ఒంటికి పడతాయా లేదా చూడడానికి ఐఎస్ఓ 10993, ఐఎస్ఓ 7405 అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. రెండోది పళ్ళకే ప్రత్యేకం. మొదటి మెట్టు, గాజు పాత్రలో పెంచిన కణాల మీద ఆ పదార్థం ఊరిన ద్రవం పోసి ఎన్ని బతికాయో లెక్కపెట్టడం. ఏమీ పోయని కణాలతో పోలిస్తే బతికినవి 30 శాతానికి మించి తగ్గితే హాని ఉన్నట్టే. 7405లో ఇంకో తెలివైన పరీక్ష ఉంది. పదార్థానికీ కణాలకూ మధ్య డెంటిన్ బిళ్ళ ఒకటి పెట్టి చూస్తారు. పైన చెప్పిన డెంటిన్ గోడ కథే అది. తర్వాతి మెట్లు చర్మం మండుతుందా, అలర్జీ వస్తుందా, చివరికి పన్నులో పెడితే ఏమవుతుంది అని. అలర్జీకి పేరుపడ్డ వాటిలో యూజెనాల్ ఉంది, కొన్ని పంటి పూతల్లో వేసే దేవదారు జాతి చెట్ల బంక ఉంది, తేనెటీగల ప్రొపొలిస్ ఉంది. మూడూ ప్రకృతి ఇచ్చినవే. చెట్టు నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని పరీక్ష అడగదు.

నేను చెట్టూ చేమా అంటే పడనివాణ్ణని అనుకోకండి. రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ పన్ను లోపల నింపేది గట్టాపర్చా, మలయా దేశం వైపు పెరిగే చెట్టు పాలు. 1851లో ఇంగ్లాండు, ఫ్రాన్సుల మధ్య సముద్రంలో వేసిన టెలిగ్రాఫ్ తీగకు తొడుగు కూడా అదే. రైల్వేవాణ్ణి కదా, ఇది చదివి భలే సంతోషపడ్డాను. కట్టుడు పళ్ళకు కొలత తీసే ముద్ద ఆల్జినేట్, సముద్రపు పాచి నుంచి వచ్చేది. మన రామనాథపురం తీరంలో మండపం పక్క ఆడవాళ్ళు నీళ్ళలో దిగి కోసి తెచ్చే పాచిలో ఆ జాతీ ఉంది. అయితే ఆ పొడిలో పాచి సారం కొంతే, ఎక్కువ పాలు డయాటమ్ మట్టి. ఒకప్పుడు కొన్ని రకాల్లో సీసం కలిసిన పదార్థాలు కూడా వేసేవాళ్ళు. విప్పి చూశారు కాబట్టి బయటపడింది, తీసేశారు. కలిపేటప్పుడు దుమ్ము ఊపిరిలోకి పోతోందని దుమ్ము లేవని రకం తెచ్చారు. పరీక్ష పెట్టినందుకు పాచి పరువు పోలేదు, ఇంకా పెరిగింది.

"తాతల కాలం నుంచి వాడుతున్నాం, అంతకంటే పరీక్ష ఏముంది?" అని మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. మర్రీ తుమ్మా పంటికి బలమని తమిళంలో సామెత నేనూ బళ్ళో నేర్చుకున్నదే. తాతల పరీక్షను తక్కువ చెయ్యను. కానీ దానికి దొరికేది వెంటనే కనిపించే చెడుపు. నోరు కాలితే మానేస్తారు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే చెడుపును ఏ తాత కనిపెడతాడు? పొగాకు కూడా ఆకే కదా. పొగాకు కలిపిన పళ్ళపొడిని ఈ దేశంలో ఎంతో మంది మంచిదని తోముకున్నారు. 1992లో కేంద్ర ప్రభుత్వం పళ్ళపొడిలోనూ పేస్టులోనూ పొగాకు వాడకూడదని నిషేధించింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1997లో నిషేధమే నిలబడింది.

ఇంకొకటి. తాత వేపపుల్ల తానే విరిచాడు. ఏ చెట్టో తెలుసు, ఎక్కడిదో తెలుసు. అక్క పొడిలో కరక్కాయ, తుమ్మ బెరడు, ఉప్పు, కావి రాయి ఉన్నాయి. ఇప్పుడు అవన్నీ పొడిగానే అంగడి నుంచి మూటల్లో వస్తున్నాయి. ఎన్ని చేతులు మారాయో అక్కకూ తెలియదు. కావి మట్టి ఏ గోతిదో, అందులో ఇనుముతో పాటు ఇంకేముందో చూస్తే కదా తెలిసేది. గింజ ముతకైతే పన్ను అరుగుతుంది. పేస్టులూ పొడులూ ఎంత అరగదీయవచ్చో ఐఎస్ఓ 11609లో కొలత ఉంది, 250 దాటకూడదు. ఎనామిల్ ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు.

"పరీక్షలు పెద్ద కంపెనీల ఆట, చిన్నవాళ్ళను తొక్కడానికే" అన్నారు ఇంకొకరు. అందులో కొంత నిజముంది. ఖర్చు ఒక్క మనిషి మొయ్యలేడు. అందుకే సంఘం ఉంది అంటాను. పైగా ఊరికే పంచుతున్నాం కదా, లైసెన్సు ఎందుకు అంటే చట్టం ఒప్పుకోదు. మందులు, సౌందర్య సాధనాల చట్టం అమ్మకానికే కాదు, పంచడానికి తయారు చేసినా లైసెన్సు అడుగుతుంది. రేపు ఎవరి బిడ్డ నోరు పొక్కినా ముందు నిలబడేది అక్క. వెనక మనం ఉంటామని ఎవరైనా రాసిస్తారా?

అందుకని కమిటీ ముందు నా మనవి ఇది.

ఒకటి, శిబిరంలో వైద్యులు వాడే ప్రతి పదార్థం పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒక రిజిస్టరులో రాయాలి. ఆ పని నేను చేస్తాను, నాకు అలవాటే.

రెండు, కుర్చీలో కూర్చునే ముందే ప్రతి ఒక్కరినీ అలర్జీ ఏమైనా ఉందా అని అడిగి రాసుకోవాలి.

మూడు, లవంగ నూనె సీసా సంచిలో వద్దు. దాని బదులు పన్ను నొప్పి వస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఒక కాగితం, తెలుగులోనూ తమిళంలోనూ.

నాలుగు, అక్క పొడిని ఈసారి పంచవద్దు, కానీ వదిలెయ్యనూ వద్దు. సంఘం నిధి నుంచి డబ్బు కట్టి ఆ పొడిని గుర్తింపు ఉన్న ల్యాబులో పెడదాం. సీసం, ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం, సూక్ష్మజీవులు, అరుగుదల చూపిద్దాం. బాగుంటే, లైసెన్సు ఉన్న సిద్ధ మందుల తయారీదారు దగ్గర లోన్ లైసెన్సు కింద అక్క పేరుతోనే చేయించవచ్చేమో సంబంధిత అధికారిని అడుగుదాం. మొదటి ఐదు వేలు నా పెన్షన్ నుంచి ఇస్తాను.

ఫలితం చెడ్డగా వస్తే? ఇంట్లో ఇరవై ఏళ్ళు వాడినవాణ్ణి, తెలుసుకోవాల్సినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. బాగా వస్తే ఆ పొట్లం మీద సంఘం పేరు నేనే దగ్గరుండి అచ్చు వేయిస్తాను. అప్పుడు అది "సెడ్ టు కంటైన్" కాదు, విప్పి చూసిన సరుకు.

అక్కా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఈ శనివారం మీ ఇంటికి వస్తున్నాను. నా మీద కోపముంటే కాఫీ ఇవ్వకు, నీళ్ళు చాలు. ఒక పొట్లం మాత్రం ఇవ్వు. ల్యాబుకు నేనే తీసుకుపోతాను.