పట్టా లేని గీర

మొన్న మన ఫెస్ట్‌లో ఎంట్రన్స్ దగ్గర ఎడ్లబండి చక్రం ఒకటి పెట్టారు, గుర్తుందా? బంతిపూల దండలు, పక్కన రెండు లాంతర్లు. నేను కూడా అక్కడ సెల్ఫీ దిగాను కాబట్టి ఎవరినీ తిట్టే హక్కు నాకు లేదు. ఆ ఫొటో వాట్సాప్‌లో మా తాతకి పంపితే ఆయన ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "పట్టా ఏది బిడ్డా? పట్టా లేంది అది గీర ఎట్లయితది?"

జూమ్ చేసి చూశాను. నిజమే, చుట్టూ ఇనుప పట్టా లేదు. అది ప్లైవుడ్. ఆకులు గమ్‌తో అతికించారు. దాన్ని బండికి కడితే పది అడుగులు కూడా పోదు.

మా తాతది మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ మండలం. చుట్టూ అడవి, కోయ గూడేలు, లంబాడా తండాలు. మేడారం జాతరకి పగిడిద్దరాజు బయల్దేరే పూనుగొండ్ల ఆ పక్కనే. ఇప్పుడది గంగారం మండలం, 2016కి ముందు కొత్తగూడలోనే ఉండేది. జాతర ఏడాది వచ్చిందంటే వడ్లాయన వాకిట్లో బండ్లు వరసకట్టేవట. ఆ వడ్లాయన ఇప్పటికీ ఉన్నాడు. సెలవుల్లో వెళ్లినప్పుడు ఆయన పని చూశాను. నాకు తెలిసిన ఇంజినీరింగ్‌లో సగం ఆ రోజే అర్థమైందంటే నమ్మరు.

ముందు నడిమి దిమ్మె. నల్ల తుమ్మ, బాగా ఎండింది. దాని మీద పన్నెండు తొలులు కొట్టాలి, అంటే ముప్పై డిగ్రీలకొకటి. ఆయన దగ్గర ప్రొట్రాక్టర్ లేదు. గుండ్రం గీసి, అదే దారాన్ని, అంటే వ్యాసార్ధాన్నే, అంచు మీద ఆరు సార్లు తిప్పి ఆరు గుర్తులు పెట్టాడు. తర్వాత ఒక్కోదాన్ని సగం చేశాడు. పై వాడు తెలియదు, అవసరమూ పడలేదు. ఆ తొలుల్లో పన్నెండు ఆకులు దిగ్గొట్టి, బయట ఆరు వంపు చెక్కలు ఎక్కిస్తాడు. ఒక్కో చెక్కకి రెండు ఆకులు. ఎక్కడా మేకు లేదు.

అసలు సంగతి పట్టా దగ్గర ఉంది. గీర చుట్టుకొలత కన్నా రెండు వేళ్లు తక్కువగా ఇనుప పట్టాని కోసి, రెండు చివరలూ కలిపేస్తారు. మరి ఎక్కేదెలా? కమ్మరాయన వచ్చి పిడకల మంటలో దాన్ని ఎర్రగా కాల్చాడు. నలుగురు పట్టుకార్లతో ఎత్తి గీర మీద వేశారు. చెక్క భగ్గున అంటుకుంది. వెంటనే నీళ్లు. ఆ పొగలో టకటకమని కీళ్లన్నీ బిగుసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. గీర వ్యాసం అయిదడుగులంటే చుట్టుకొలత 4.7 మీటర్లకు కాస్త ఎక్కువ. ఇనుము డిగ్రీకి మీటరుకి 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 600 డిగ్రీలు వేడెక్కితే మొత్తం 34 మిల్లీమీటర్లు. రెండు వేళ్లంటే నా చేతికి మూడు సెంటీమీటర్లు. అంటే ఆయన ఉంచుకున్న వదులు నాలుగు మిల్లీమీటర్లే! థర్మల్ ఎక్స్‌పాన్షన్ మీద రెండు మార్కుల ప్రశ్నకి జవాబు రాసిన నేను దాన్ని అప్పటిదాకా ఒక్కసారి కూడా చూడలేదు.

'జిప్సీ బండి' అని సెర్చ్ చేస్తే ఇంగ్లండ్ రోమానీల రంగురంగుల గుర్రపు బండ్లు వస్తాయి. వాటిని వార్డో అంటారు. రెడింగ్ ఊళ్లో డన్టన్ వాళ్లు కట్టిన బండ్లకి చాలా పేరు. వాటి చక్రానికీ ఇదే పద్ధతి, కాల్చి ఎక్కించిన పట్టా. ఇప్పటికీ ప్రతి జూన్‌లో ఆపిల్‌బీ సంతకి అలాంటి బండ్లు వస్తాయి. మన లంబాడాలని కూడా 'ఇండియన్ జిప్సీలు' అని రాస్తుంటారు కదా, వాళ్లకీ ఇలాంటి బండ్లుండేవేమో అనుకున్నాను. తప్పు. వాళ్ల పూర్వీకులు ఎద్దుల వీపు మీదే ధాన్యం, ఉప్పు మోసేవాళ్లు. వేల ఎద్దుల బిడారుల గురించి 17వ శతాబ్దంలో టావెర్నియర్ రాశాడు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది, పైగా 1871 నేరస్థ జాతుల చట్టం వాళ్ల మీదా పడింది. తండాల్లో బండి వచ్చింది స్థిరపడి సాగు మొదలుపెట్టాకే.

మన దగ్గర బండి పోయింది ట్రాక్టర్ వల్లే అని అందరూ అంటారు. అది సగమే. టైరు బండి వచ్చినప్పుడే గీర పని పడిపోయింది. మిగిలిన పనికి కర్ర దొరకదు. అడవి పక్కనే ఉన్నా అందులో చెట్టు ముట్టుకుంటే కేసు. అడవిని కాపాడొద్దని నేననను, కానీ పొలం గట్టు మీది తుమ్మ కొట్టాలన్నా ఆఫీసుల చుట్టూ తిరగాలంటే ఎవరు తిరుగుతారు? 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. పడవలు చేసేవాళ్లకి విడిగా పేరుంది. బండ్లు చేసేవాళ్లకి లేదు, వాళ్లు వడ్రంగుల లెక్కలోకే వస్తారు. తలుపు చేసే పని, గీర చేసే పని ఒకటేనా?

నాకు కోపం తెప్పించే మాట 'హెరిటేజ్'. ఆ పేరు పెట్టామంటే ఇక దాని దగ్గర నేర్చుకునేదేమీ లేదని, దండేసి పక్కన పెట్టొచ్చని అర్థం. బెంగళూరు ఐఐఎంకి డైరెక్టర్‌గా చేసిన ఎన్.ఎస్. రామస్వామి 1970ల్లోనే ఎడ్లబండిని ఒక రవాణా వ్యవస్థగా తీసుకుని అధ్యయనం చేశారు. మనం ప్లైవుడ్ కొన్నాం.

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో మోర్టైజ్ అండ్ టెనన్ జాయింట్ చేశాం కదా. అది అచ్చంగా ఆకు దిమ్మెలో దిగే పద్ధతే. నాది వదులుగా ఉందని సార్ పదికి ఆరు వేశారు, తర్వాత ఆ ముక్క స్క్రాప్ గదిలోకి పోయింది. వచ్చే ఫెస్ట్‌కి డెకరేషన్ బడ్జెట్‌లో కొంత తీసి, ఆ వడ్లాయనని, కమ్మరాయనని రెండు రోజులు మన వర్క్‌షాప్‌కి పిలుద్దాం. గెస్ట్ లెక్చర్ ఇచ్చేవాళ్లకి ఎంత ఇస్తామో అంతే ఇద్దాం. మెకానికల్ వాళ్లు కొలతలు తీసుకోవాలి, మేం సీఎస్ వాళ్లం వీడియో తీసి, తెలుగు పేర్లతోనే డ్రాయింగులు పెడతాం. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఫాల్స్ సీలింగ్ పని చేస్తున్నాడు. నేర్చుకునేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆయనకి డెబ్భై దాటాయి, పట్టా ఎత్తడానికి ఇప్పుడే పక్కవాళ్లని పిలుస్తున్నాడు.

పోయిన ఆదివారం తాత ఫోన్‌లోనే ఆయన్ని అడిగాను, వస్తారా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "వస్త గని బిడ్డా, మీ కాడ తుమ్మ ఉన్నదా? పచ్చిది పనికిరాదు. ఏడాది ఎండాలె. ఇప్పుడే కొట్టి పెట్టుమను."