వరుసలో నిలబడితే పరువు పోతుందా?

వచ్చే నెల ఒక ఆదివారం మన కుటుంబాలన్నీ కలిసి మిసిసాగాలో ఒక తెలుగు హోటలుకు బఫే భోజనానికి వెళదామని కార్యవర్గం ప్రతిపాదిస్తే, సమావేశంలో లేచిన దుమారం చూసి మేము నివ్వెరపోయాము. "పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడడానికా యింతదూరం వచ్చాం?" అన్నారు ఒక పెద్దాయన. "కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించడం మన సంస్కృతి, బఫే అంటే ముష్టి" అన్నారు మరొకరు. చప్పట్లు కూడా మోగాయి. ఆ చప్పట్లలో వంటచేసే చేతులు ఎన్నని చూశాము. ఒక్క జత. అదీ మొహమాటానికి కలిసిందే.

కనక మాటకు మాట చెప్పక తప్పదు.

విస్తరి భోజనం రుచి మాకూ తెలుసు. పెళ్ళిబంతిలో నేతిగిన్నె పట్టుకుని వచ్చి "యింకొక్క బూరె, నామీద ఒట్టు" అని బతిమాలిన మేనమామను మేమూ మరిచిపోలేదు. కాని ఆ బంతిలో ముందు కూర్చున్నదెవరు? మొదటి బంతి మగపెద్దలది. తరవాత పిల్లలది. తెల్లవారుజామునుంచి పొయ్యిదగ్గర మాడిన ఆడవాళ్ళు మూడు గంటలకు, కూర అడుగంటి, పులుసులో ముక్కలు అయిపోయాక కూర్చునేవారు. కులాన్నిబట్టి బంతి మారేది. ఎంగిలి విస్తళ్ళు ఎత్తినవాళ్ళకు అసలు బంతే లేదు, పెరటి గుమ్మం దగ్గర గిన్నెలో పోసి పంపేవారు. బఫే వరుసలో యివేవీ చెల్లవు. ముందు వచ్చినవాడు ముందు. సర్జనుగారికి ముందు లారీ నడిపే కుర్రాడు నిలబడితే సర్జనుగారు ఆగవలసిందే. మన పెద్దలకు గుచ్చుకుంటున్నది నిలబడడం కాదు, ఎవరి వెనక నిలబడాలన్నది కాబోలు.

సరే, బఫే వద్దు, మరేం కావాలి? "ఎప్పటిలాగే స్కూలు హాల్లో మన భోజనం." ఎప్పటిలాగే అంటే ఏమిటో విప్పి చెప్పుకుందాం. శుక్రవారం రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషి శనివారమంతా గారెల పిండి రుబ్బుతుంది, రాత్రి పన్నెండింటికి పులిహోర కలుపుతుంది. ఆమె కూడా మనలాగే డాక్టరో యింజనీరో. కిందటి ఉగాదికి ఒక సోదరి కూతురు మొదటిసారి వేదికమీద కూచిపూడి చేస్తూంటే, తల్లి హాలు వెనక సాంబారు వేడి చేస్తోంది. బిడ్డ నాట్యం ఆమె మర్నాడు ఎవరో పంపిన ఫోను బొమ్మల్లో చూసుకుంది. మన సంస్కృతికి అయిన ఆ ఖర్చు కోశాధికారి లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

వైద్యులం కనక యింకొక మాట. పొద్దున్న తొమ్మిదింటికి రేకు ట్రేలలో సర్దిన అన్నం మనం రెండింటికి తింటున్నాము. వండిన పదార్థం 4 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య రెండు గంటలకు మించి వుండరాదని కెనడా ఆరోగ్యశాఖ చెబుతుంది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వుడికినా చావవు. గోరువెచ్చగా వదిలేస్తే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. హోటలువాడికి వేడి తగ్గకుండా చూడాలన్న కట్టుబాటు వుంది, చూసిపోయే యినస్పెక్టరు వున్నాడు. టొరంటోలో 2001 నుంచీ ఆ తనిఖీ ఫలితం పచ్చకార్డో పసుపుకార్డో అయి గుమ్మంలోనే కనిపిస్తుంది. మన స్కూలు హాలు గుమ్మంలో ముగ్గు మాత్రమే వుంటుంది.

హోటలు చుట్టూ స్నేహాలు అల్లుకోవడం యీ దేశంలో మనవాళ్ళకు కొత్త కాదు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాక మన దేశంనుంచి డాక్టర్లూ యింజనీర్లూ యిక్కడికి ఎక్కువగా రాసాగారు. 1972లో జ్ఞాన్ నాజ్ అనే ఆయన టొరంటో జెరార్డ్ వీధిలో ఒక పాత సినిమాహాలు తీసుకుని హిందీ సినిమాలు ఆడించాడు. చుట్టూ కొట్లూ హోటళ్ళూ లేచాయి. ఎక్కడెక్కడినుంచో కార్లేసుకుని వచ్చి, సినిమా చూసి, పప్పులు కొనుక్కుని, అక్కడే తిని వెళ్ళేవారు. ఎవరి పరువూ పోలేదు.

బఫేను వెనకేసుకొస్తున్నామంటే, అక్కడ మనం చేసే పనులను వెనకేసుకొస్తున్నట్టు కాదు. "తలకింత కట్టాం, రాబట్టాలి" అన్న మాట మన బల్లల దగ్గర వినపడినంతగా మరెక్కడా వినపడదు. బిరియానీ ట్రేలో ముక్కలకోసం గరిటెతో తవ్వి అన్నం వదిలేస్తాము. కొండలా పెట్టుకున్నది సగం పళ్ళెంలోనే విడిచి లేస్తాము. మనవాళ్ళకు మధుమేహం ముప్పు ఎక్కువని సోమవారం రోగులకు బోధించేవాళ్ళం, ఆదివారం మూడో గులాబ్‌జాం దగ్గర దొరికిపోతున్నాము. 1921లో ఇన్సులిన్ కనిపెట్టిన వూరు పక్కనే వుందిగదా అని ధైర్యం కాబోలు.

ఖాళీ ట్రేలు నింపే కుర్రాడు తరచు తెలుగువాడే, చదువుకోవడానికి వచ్చినవాడు. 2024 నవంబరులో వచ్చిన నిబంధన ప్రకారం కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 24 గంటలే అతను బయట పని చేయవచ్చు. అద్దె అందులోంచే రావాలి. అతనితో మనం ఇంగ్లీషులో మాట్లాడతాము. లేచేటప్పుడు "ఎవరూ వడ్డించలేదుగదా, టిప్పెందుకు?" అంటాము. అన్నం తెచ్చి నింపినవాడూ, మన ఎంగిలిపళ్ళెం తీసినవాడూ వడ్డించనివాడెలా అయ్యాడు?

యిక ప్రయాణం సంగతి. ఒంటిగంటన్నరకు పడే గుంపులో కాక, తలుపు తీసే వేళకే చేరాలి. నలభైమందికి బల్లలు కలిపి వేయమని ముందే చెప్పాలి. టిప్పు తలసరి రుసుములోనే కలిపి వసూలు చేయాలి. వూరినుంచి వచ్చిన అమ్మానాన్నలు వారమంతా నాలుగుగోడల మధ్య గడిపి ఆ ఒక్కపూట బయటపడతారు. ఆ హడావిడిలో, పిల్లల పరుగుల మధ్య, ఏది ఏ కూరో తెలియక ఖాళీ పళ్ళెంతో నిలబడిపోవడం ఎన్నిసార్లో చూశాము. వాళ్ళను కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, ఏంకావాలో అడిగి తెచ్చిపెట్టడం మగవాళ్ళ వంతు. కొసరి వడ్డించడం మన సంస్కృతి అని లేచిన పెద్దమనుషుల పేర్లు ఆ జాబితాలో ముందు రాయమని కార్యదర్శిగారిని కోరుతున్నాము.

మా యింటినుంచి అయిదుగురం. దోసెలు వేసేచోట వరుస అన్నిటికంటె పొడుగు, అక్కడ మేము నిలబడతాము.