అంటుమామిడియు నోర్పును

దాచేపల్లి ప్రాంతమున ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పంటలు. ఇవి యే యేటి కాయేడు విత్తి, కోసి, సొమ్ము చేసికొనునవి. ఇట్టి చోట నాలుగైదేండ్లు వేచియుండవలసిన చెట్టును నాటుడనుట కొందఱికి వింతగా తోచవచ్చును. అయినను ప్రతి యింటి పెరటిలో నొక్క అంటుమామిడి యైన నుండవలెనని మా యభిప్రాయము.

టెంక పాతిన చాలదా యని యడుగువారు కలరు. చాలదు. మన తెలుగునాటి మామిడి రకములలో పెక్కింటి టెంకలో నొక్కటే పిండముండును. అది పూతయందు పుప్పొడి కలియుటచే కలిగిన సంతానము. అచ్చముగా తల్లిని పోలదు. బంగినపల్లి టెంక మొలచినను బంగినపల్లి కాయునను నమ్మకము లేదు. అంటు కట్టినచో నాటుమొక్క వేరు నీటిని తెచ్చును, మేలికొమ్మ తన జాతి ఫలమునే యిచ్చును. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లియు, నూజివీటి రసములును తోట నుండి తోటకు చెడక వ్యాపించుట కీ విద్యయే యాధారము. టెంకమొక్క కాపునకు సాధారణముగా 7 మొదలు 10 ఏండ్లు పట్టగా, అంటు 4, 5 ఏండ్లకే కాయును.

మన సీమలో సున్నపురాయి మెండు. సున్నము మితిమీరిన నేలలో మామిడి యినుమును గ్రహింపజాలక లేతయాకులు పసుపు బాఱును. నీరు నిలుచు నల్లరేగడియు దీనికి సరిపడదు. కావున ముందుగా మట్టిని పరీక్ష చేయించి, నీరింకు చోటు నెన్నుకొనవలెను. అన్ని వైపుల 1 మీటరు గల గోతిని త్రవ్వి, మంచి మట్టిని పశువుల యెరువుతో కలిపి నింపి, అంటు కట్టిన చోటు నేలకు పైన నుండునట్లు నాటవలెను.

అంటు కొనుట సులభము, కాపాడుటయే కష్టము. కట్టునకు దిగువ వచ్చు చిగుళ్లు నాటుమొక్కవి. వానిని గిల్లివేయనిచో నవి బలిసి మేలికొమ్మను చంపును. చెట్టు మిగులును గాని జాతి మిగులదు. అప్పుడు యజమాని అమ్మినవానిని నిందించును!

ఇంతకంటె కష్టమైన నియమము మఱియొకటి కలదు. అంటు రెండవ యేటనే పూయవచ్చును. మొదటి మూడేండ్ల పూతను త్రుంచివేయవలెను. ఆశపడి పిందె నిలిపినచో బలమంతయు కాయలకే పోయి చెట్టు గిడసబాఱును.

ఈ నియమమును చెట్టు విషయమున నొప్పుకొను పెద్దలు బిడ్డల విషయమున మఱవరాదు. ప్రత్తితీతలు, మిరపకోతలు వచ్చినప్పుడు కొందఱు పిల్లలు బడి మాని పొలమునకు పోవుదురు. ఇది పేదఱికము చేయించు పని యని మేమెఱుగుదుము, తల్లిదండ్రులను నిందింపము. కాని పదియేండ్ల బిడ్డ తెచ్చు కూలి రెండవ యేటి పూత వంటిది. 6 మొదలు 14 ఏండ్ల వారికి చదువు హక్కని 2009లో చట్టము చేయబడినది. కోతల దినములలో బిడ్డను బడిలో నిలుపు బాధ్యత తల్లిదండ్రులది మాత్రమే కాదు. ఉపాధ్యాయులది, కూలికి పిలుచు రైతులది కూడ.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమున నంటు కట్టుట ప్రస్తావింపబడినది. అందు అడవి కొమ్మ మంచి వేరునకు చేరును. మన మామిడిలో మేలికొమ్మ నాటువేరునకు చేరును. రెంటను కలిసి నిలుచుటయే ముఖ్యము. మిషనరీయైన విలియం కేరీ 1820లో కలకత్తాయందు వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. తోటపని చదువునకు వెలియైనది కాదని దీనివలన తెలియుచున్నది.

కావున మాదొక మనవి. 6వ తరగతిలో చేరు విద్యార్థులకు పాఠశాల యావరణమున నొక్క అంటు నప్పగింపవలెను. నీరు పోయుట, నాటుచిగుళ్లు గిల్లుట, తొలిపూత త్రుంచుట వారి పని. వారు 10వ తరగతి ముగించునాటికి చెట్టు కాపునకు వచ్చు నీడుదగును. ఆ కాయలను పంచుకొనుటకు నాటినవారందఱు నా తరగతిలో నుండవలెను.